రాప్తాడుకు కావలసింది క్యాన్ కాదు

అనంతపురం జిల్లాలో తాగునీటి మాట ఎత్తితే ఇప్పుడు ఎవరి నోటైనా వినిపించేది ఒకటే: “ఫ్లోరైడ్ గోల పాతకాలం మాటండీ. ఊరూరా ప్లాంటు వచ్చింది. పది రూపాయలు పెడితే క్యాన్ ఇంటి ముందు దించిపోతాడు.” అధికారి ఇదే అంటాడు. ఓట్లకొచ్చిన నాయకుడు ఇదే అంటాడు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి రాప్తాడు వచ్చిన కుర్రాడు కూడా ఇదే అంటాడు, పైగా సెల్‌ఫోన్‌తో పాటు టీడీఎస్ మీటరు కూడా జేబులోంచి తీసి చూపిస్తాడు. ఇంతమంది ఇంత ధీమాగా చెప్పే మాట తప్పని చెప్పడం కొంచెం ఇబ్బందే. అయినా తప్పు తప్పే.

ప్లాంటు నీళ్లు విషమని నేను అనడం లేదు. సరిగ్గా నడిపే ఆర్ఓ యంత్రం నీటిలోని ఫ్లోరైడ్‌లో తొంభై శాతానికి పైగా తీసేస్తుంది. బోరు నీళ్లు నేరుగా తాగడం కంటే ఆ నీళ్లు తాగడం వెయ్యిరెట్లు మేలు. నేను కాదనేది యంత్రాన్ని కాదు, “యంత్రం వచ్చింది కాబట్టి సమస్య తీరింది” అన్న లెక్కను.

ముందు నేల సంగతి. రాప్తాడు అనంతపురం పట్నానికి కూతవేటు దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన. కింద గ్రానైటు, నైసు రాళ్లు. ఈ రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడం వల్ల నేలలోకి దిగిన నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. క్షారం పెరిగి, సున్నం తగ్గి, ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. పాతకాలం ఊరిబావుల్లో, చెరువు వెనక తవ్విన బావుల్లో ఏటేటా కొత్త వాననీరు కలిసేది. ఆ బావులు ఎండాయి. శెనక్కాయ పంట చేతికి రాక చీనీ తోటలు పెట్టినవాళ్లు చెట్లు బతికించుకోవడానికి బోర్లు దించారు. మూడొందల అడుగుల దగ్గర మొదలైనవాళ్లు ఎనిమిదొందలు దాటారు. ఎంత లోతుకు పోతే, సాధారణంగా, రాతితో అంత ఎక్కువకాలం కాపురం చేసిన నీళ్లు పైకొస్తాయి. రైతు తప్పేమీ లేదు, కానీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కేదీ అదే పాతాళపు నీరు.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతీ కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను తొలిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తెలుగునేల మీద కనిపెట్టిన రోగం. దాదాపు తొంభై ఏళ్లయింది. కారణం తెలుసు, కొలత తెలుసు, మందు లేదన్న సంగతీ తెలుసు. పంటి పింగాణీ మీద ఒకసారి పడిన గార మచ్చ పోదు. వంగిన వెన్ను నిటారు కాదు. నివారణ ఒక్కటే దారి.

ఇక వంటింట్లోకి రండి. క్యాన్ వాదం ఓడిపోయేది అక్కడే.

రాప్తాడు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా క్యాన్ ఎక్కడుంటుంది? నడింట్లో స్టాండు మీద, గ్లాసు పక్కన. పొయ్యి దగ్గర ఉండేది బిందె. ఆ బిందెలో ఉన్నవి కొళాయి నీళ్లు, అంటే చాలా రోజుల్లో ఊరి బోరు నీళ్లు. సంగటికి ఎసరు ఆ నీళ్లే. పప్పు ఉడికేది, చారు కాగేది, టీ మరిగేది ఆ నీళ్లతోనే. “కాస్తే అంతా పోతుంది” అనుకుంటారు. సూక్ష్మక్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరి కాదు. మూడు గ్లాసులు పోసి రెండు గ్లాసులయ్యేదాకా మరిగిస్తే మూడింటి ఫ్లోరైడూ ఆ రెండింట్లోనే ఉంటుంది. గంజి వార్చే అలవాటు ఉన్నప్పుడు కొంతైనా బయటికి పోయేది. కుక్కరు వచ్చాక ఆ కొంతా అన్నంలోనే ఇంకుతోంది.

చిన్న లెక్క వేద్దాం. మన జాతీయ ప్రమాణం, ఐఎస్ 10500, తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకూడదంటుంది. వేరే గతి లేనప్పుడు మాత్రం 1.5 వరకు సర్దుకోమంటుంది. ఒక ఊరి బోరులో 2.5 ఉందనుకోండి. ఇంట్లో ఒక్కొక్కరికి అన్నం, పప్పు, చారు, సంగటి, టీ అన్నీ కలిపి రోజుకు లీటరు బోరు నీళ్లు వంట ద్వారా లోపలికి పోయాయనుకోండి. రెండున్నర మిల్లీగ్రాములు. ప్రమాణానికి లోబడిన నీళ్లు రెండు లీటర్లు తాగితే లోపలికి పోయేది రెండే. అంటే క్యాన్ కొన్న ఇంట్లో, ఒక్క గుక్క బోరు నీళ్లు తాగని మనిషి కూడా, పొయ్యి మీది గిన్నెతోనే గీత దాటేశాడు. నెలంతా డబ్బు కట్టి తెప్పించుకున్న రక్షణను పప్పుగిన్నె కొట్టేసింది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. 1.5 అన్న సంఖ్యను ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లు రోజుకు సుమారు రెండు లీటర్లు తాగుతారన్న అంచనా మీద చెప్పింది. ఎండ ఎక్కువగా ఉండే చోట జనం ఎక్కువ తాగుతారు కాబట్టి ఆయా దేశాలు తమ వాతావరణాన్ని చూసుకోవాలనీ చెప్పింది. ఏప్రిల్ ఎండలో చీనీ తోటలో పాదులు తీసే కూలీ రెండు లీటర్లతో ఆగుతుందా? ఆమె వెంట క్యాన్ వస్తుందా? తెచ్చుకున్న సీసా పది గంటలకే ఖాళీ అవుతుంది. తర్వాత దాహమేస్తే బోరు పైపు కింద దోసిలి పట్టడమే. ప్లాంటు ఊరి మధ్యలో ఉంది. పని ఊరి బయట ఉంది. ఈ ముక్క ప్రగతి నివేదికల్లో కనబడదు.

“అయితే వంట కూడా ప్లాంటు నీళ్లతోనే చేసుకోండి” అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నలుగురున్న ఇంటికి తాగడానికి రోజుకొక క్యాన్ వేసుకుంటే, పది రూపాయల చొప్పున ఏడాదికి 3,650 రూపాయలు. వంటకు ఇంకోటి కలిపితే 7,300. ఉపాధి పనికి పోయే ఇంటికి ఇది చిన్న ఖర్చు కాదు; నీళ్ల పేరుతో పేదల నుంచి వసూలు చేస్తున్న పన్ను. పైగా ఖనిజాలన్నీ తీసేసిన నీళ్లతో వండితే కూరగాయల్లో, గింజల్లో ఉన్న కాల్షియం, మెగ్నీషియం కూడా గణనీయంగా నీళ్లలోకి దిగిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ప్రచురించిన అధ్యయనాల్లో ఉంది. కాల్షియం తగ్గిన ఒంటిమీద ఫ్లోరైడ్ మరింత చెలరేగుతుందని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే, మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను పరీక్షించి చెప్పారు. కాల్షియమిచ్చే రాగులు తినే సీమ కాబట్టి ఆ తిండి కొంత కాపాడుకొచ్చింది. ఆ రాగులూ ఇప్పుడు బియ్యానికి చోటిచ్చాయి.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పళ్ల పింగాణీ తయారయ్యేది పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా. ఆ ఎనిమిదేళ్లలో పిల్ల తినేది ఎక్కడ? ముందు అంగన్‌వాడీలో, తర్వాత బడిలో. 2023 నుంచి బడుల్లో రాగిజావ ఇస్తున్నారు. మంచి పని, మెచ్చుకోవాలి. కానీ ఆ జావ ఏ నీళ్లతో కాస్తున్నారు? మధ్యాహ్న భోజనానికి ఎసరు పెట్టేది ఏ నీళ్లు? బడి వరండాలో తాగడానికి క్యాన్ పెట్టి, వెనక వంటగదిలో బోరు నీళ్లతో యాభై మందికి అన్నం వండితే, క్యాన్ తనిఖీకి వచ్చినవాళ్ల కంటికి మాత్రమే పనికొస్తుంది.

ఇప్పుడు ఆ టీడీఎస్ మీటరు. దాని మీద జనానికి ఉన్న భక్తి చూస్తే ముచ్చటేస్తుంది. అది కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. లీటరుకు మొత్తం 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిలో ఫ్లోరైడ్ 1 ఉన్నా 3 ఉన్నా మీటరు అంకె దాదాపు కదలదు. నైట్రేట్ సంగతి అది చెప్పదు. క్రిముల సంగతి అసలే చెప్పదు. ప్లాంటు పొర పాడైందా లేదా అని యజమాని చూసుకోవడానికి పనికొచ్చే సాధనాన్ని నీటి మంచిచెడ్డలకు తీర్పరిగా కూర్చోబెట్టాం. ఇంకో తమాషా కూడా ఊళ్లల్లో నడుస్తుంది. ఇంటింటికీ యంత్రాలు అమ్మేవాడు రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. కొళాయి గ్లాసు క్షణాల్లో తుప్పురంగుకు తిరుగుతుంది. ఆర్ఓ గ్లాసు తెల్లగా ఉంటుంది. ఇంటామె గుండె జారుతుంది. అక్కడ కనబడింది నీళ్లలోని మురికి కాదు, కరిగిన కడ్డీ ఇనుము. లవణాలున్న నీటిలో కరెంటు పారుతుంది, కడ్డీ కరుగుతుంది. లేని నీటిలో పారదు. దేశంలోకెల్లా మంచి నదినీళ్లు తెచ్చి పెట్టినా ఆ గ్లాసు రంగు మారుతుంది. పదో తరగతి సైన్సు మాస్టారు పావుగంటలో విప్పి చెప్పగల మోసం ఇది.

క్యాన్ శుభ్రం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరూ చూసిందే. ఆటో మీద ఎండలో తిరిగే నీలం డబ్బా, అడుగున పాచి, వేళ్లు ముంచి పట్టుకునే మూతి. పంచాయతీ నీళ్లలో కనీసం చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న నియమం ఉంది. ఆ బ్లీచింగ్ వాసనే కాపలా. ఆర్ఓ నీళ్లలో ఆ కాపలా లేదు. డబ్బా మురికైతే నీళ్లూ మురికే. సీలు వేసి అమ్మే నీటికి ఐఎస్ 14543 ప్రమాణం ఉంది. 2024 అక్టోబరులో బీఐఎస్ ముద్ర తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు, తర్వాతి నెలలోనే ఆ నీటిని అధిక ముప్పున్న ఆహారాల వర్గంలో చేర్చారు. ఈ రెండు నిర్ణయాల మధ్య ఏ తర్కం ఉందో ఢిల్లీవాళ్లే చెప్పాలి. సీలు లేకుండా నింపించుకొచ్చే ఊరి క్యాన్‌ను మాత్రం ఎవరూ అడిగే దిక్కు లేదు.

మరి యంత్రం పక్కకు నెట్టిన నీళ్లు? చిన్న ప్లాంట్లు పీల్చిన నీటిలో సగమో, అంతకంటే తక్కువో మంచినీరుగా ఇస్తాయి. మిగతాది కాలవలోకి. ఫ్లోరైడ్ మాయం కాలేదు. సగం నీళ్లలోకి రెట్టింపై చేరింది. 2.5 ఉన్న నీరు పోస్తే బయటికొచ్చే వ్యర్థంలో దాదాపు 5 ఉంటుంది. అది పోయేది ఎక్కడికి? మురుగు కాలవలోకి, ఇంకుడు గుంతలోకి, గొర్రెలు తాగే కుంటలోకి. ఇరవై లీటర్ల కోసం ఇంకో ఇరవై, ముప్పై లీటర్లు పారబోసే ఏర్పాటును, దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన చోట, బోర్లు అడుగంటుతున్న చోట, పరిష్కారమని పిలుస్తున్నాం.

ఇవన్నీ సాంకేతిక విషయాలు. నాకు అసలు కోపం వేరే దాని మీద. ఊళ్లో నోరున్నవాళ్లంతా క్యాన్ కొనుక్కున్నాక కొళాయి గురించి అడిగేదెవరు? సర్పంచి ఇంట్లో క్యాన్. టీచరు ఇంట్లో క్యాన్. కార్యదర్శి బల్ల మీద క్యాన్. వీళ్లెవరికీ కొళాయి నీటిలో ఏముందో తెలుసుకోవలసిన అవసరం లేదు. కొళాయి నీళ్లే తాగేవాళ్లు అడిగితే వినేవాళ్లు లేరు. పైపు పగిలినా, మోటారు కాలినా, పరీక్ష కాగితం ఏడాదిగా రాకపోయినా ధర్నా జరగదు. ఆటోవాడు ఇంకో పది క్యాన్లు ఎక్కువ వేసుకొస్తాడు, అంతే. క్యాన్ మన దాహం తీర్చి మన నోరు కట్టేసింది.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఈ జిల్లాలో ఫ్లోరైడ్‌కు నిజమైన జవాబు ముప్పై ఏళ్ల కిందటే కళ్లతో చూశాం. 1990ల నడుమ సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. ఎల్ అండ్ టీ కట్టింది. పైపుల్లో 731 ఊళ్లకు నీళ్లు పంపే, అందుకు రిజర్వాయర్లలోని నదినీళ్లనూ శుద్ధి చేసి వాడే పథకం. 1999లో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. తర్వాత శ్రీరామిరెడ్డి పథకం, జేసీ నాగిరెడ్డి పథకం వచ్చాయి. 2012లో హంద్రీ–నీవా కాలువ ద్వారా శ్రీశైలం కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయాన్ని చేరాయి. అంటే నదినీరు రాదన్న సాకు కూడా మునుపటిలా చెల్లదు. తుంగభద్ర నీళ్లలో, కృష్ణా నీళ్లలో మనం భయపడాల్సినంత ఫ్లోరైడ్ లేదు. వాటిని వడగట్టి, క్లోరిన్ కలిపి పంపితే చాలు. తాగొచ్చు, వండుకోవచ్చు, గొడ్లకు పెట్టొచ్చు, అంగన్‌వాడీలో జావ కాయొచ్చు. ఒకే నీళ్లు, అన్నింటికీ.

మరి ఎక్కడ చెడింది? కట్టడంలో కాదు, నడపడంలో. పథకం కట్టిన రోజు పూలమాలలు, శిలాఫలకాలు. నడిపే మనిషికి జీతం మాత్రం నెలల తరబడి రాదు. ఈ పథకాల కార్మికులు బకాయిల కోసం సమ్మెకు దిగడం, పంపులు ఆగడం, వందల ఊళ్లు ఒకేసారి గొంతెండడం మనం పదేపదే చూశాం. పాతికేళ్లు దాటిన పైపులకు మార్పిడి నిధులు అడిగితే కొత్త పథకం పేరు చెబుతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండైంది. రాప్తాడు నియోజకవర్గంలోని మండలాలు అటు కొన్ని, ఇటు కొన్ని అయ్యాయి. గీత కాగితం మీద కొత్తది, నేలలో పైపులు పాతవే. నదినీళ్లు రాని రోజున ఊరి బోరు నీళ్లే ట్యాంకుకెక్కిస్తారు. కొళాయి తిప్పిన ఆమెకు ఇవాళ వచ్చింది తుంగభద్రో పాతాళమో ఎవరూ చెప్పరు. అందుకే ఏడాదికొకసారి చేసే పరీక్షకు విలువ లేదు. ఆ రోజు నదినీరు వస్తే నివేదిక శుభ్రం, మర్నాటి నుంచి బోరు.

2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలైనప్పుడు రెండు రూపాయలకు ఇరవై లీటర్లు అన్నారు. ఉద్దేశం మంచిదే. చాలా ప్లాంట్లు ఏమయ్యాయో ఆయా ఊళ్ల తాళం కప్పలను అడగండి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అంది. 2024కల్లా అన్నది 2028కి జరిగింది. ఆ మిషన్ మార్గదర్శకాల్లోనే ఒక మాట ఉంది, మన ప్లాంటు భక్తులు చదవాల్సింది. నీళ్లు చెడ్డ ఊళ్లకు పైపు నీళ్లు చేరేదాకా తాత్కాలికంగా శుద్ధి ప్లాంటు పెట్టి మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు ఇవ్వాలి, తాగడానికీ వంటకూ కలిపి. తాత్కాలికంగా. మనం ఆ తాత్కాలికానికి రిబ్బను కట్ చేసి శాశ్వతం చేశాం. ఇచ్చేదాన్నీ కొనుక్కునేదిగా మార్చాం.

“కొళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి, మురికిగా వస్తాయి, దాన్ని నమ్మి బిడ్డకు తాపమంటావా?” అని ఎవరైనా తల్లి నన్ను నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు. తాపొద్దమ్మా, ఈ రోజుకు క్యాన్ నీళ్లే తాపు, వంటకూ వాడగలిగితే వాడు అంటాను. నా ఖండన ఆమె మీద కాదు. ఆమె నిస్సహాయతను లెక్కలోకి తీసుకుని “ప్రజలు ప్లాంటు నీళ్లనే ఇష్టపడుతున్నారు” అని ఫైలు మూసేసే పెద్దల మీద. ఇష్టపడటానికి వాళ్లకు ఇంకేం మిగిల్చారు?

నల్లగొండను చూడండి. మూడు తరాల కాళ్లు వంకరపోయిన ఆ జిల్లాలో నీటి నుంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతి వాడారు. నాగపూరు నీరీ శాస్త్రవేత్తల ఆ పద్ధతికి ఆ జిల్లా పేరే ప్రపంచమంతా నిలిచింది. అయినా ఊళ్లు బాగుపడింది ఆ డ్రమ్ములతో కాదు, ఫిల్టర్లతో కాదు. జనం రోడ్డెక్కి, ఢిల్లీ దాకా వెళ్లి, బాధితుణ్ని ప్రధాని ముందు కూర్చోబెట్టి అడిగారు. చివరికి కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్లకు వచ్చాకే దారి పడింది. వాళ్లు అడిగింది నదినీళ్లు. క్యాన్లు కాదు.

రాప్తాడు కూడా అడగాలి. పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద ఈ వారం ఎక్కింది నదినీరా బోరు నీరా, ఫ్లోరైడ్ ఎంత, క్లోరిన్ ఎంత, పరీక్షించిన తేదీ ఏది అని రంగుతో రాయించమని అడగండి. ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు పరీక్ష పెట్టెలు ఇచ్చి నేర్పాలని జల్ జీవన్ మార్గదర్శకాల్లో ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో, పెట్టెలో మందు అయిపోయి ఎన్నాళ్లయిందో అడగండి. వచ్చిన నదినీళ్లు తక్కువైతే మొదటి బిందె అంగన్‌వాడీకి, రెండోది బడి వంటగదికి పోవాలని తీర్మానం చేయించండి. పంపు నడిపే కార్మికుడికి ఈ నెల జీతం వచ్చిందో లేదో కనుక్కోండి, ఎందుకంటే మీ పిల్లల పళ్లు ఆ జీతం మీద కూడా ఆధారపడి ఉన్నాయి. వచ్చే గ్రామసభకు ఇంటి దగ్గర క్యాన్ ఉన్నవాళ్లే ముందు వెళ్లండి. మీ మాటే అక్కడ వింటారు.